కరోకే వినిపిస్తోంది, పాడినవాడు లేడు: ఒక మిక్సర్, ఒక సౌండ్ కార్డు కేసు

ఫోన్‌కి ఒక పాట వచ్చింది. దాని వెనకే మెసేజ్: "అన్నా, ఇంట్లో హెడ్‌ఫోన్స్‌లో వింటే గొంతు ఉంది. ఎవరికి పంపినా గొంతు లేదంటున్నారు. ఒక్కసారి విని చెప్పవా?"

ప్లే చేశాను. కరోకే ట్రాక్ శుభ్రంగా ఉంది. పల్లవి మొదలవ్వాల్సిన చోట తబలా కూడా అందుకుంది, పాడేవాడు మాత్రం రాలేదు. ఫోన్ చెవికి ఆనించి వింటే ఎక్కడో పక్కింట్లో పాడుతున్నట్టు ఒక నీడలాంటి శబ్దం. అదే ఫైల్‌ని హెడ్‌ఫోన్స్‌లో పెడితే గొంతు గట్టిగానే ఉంది, కాకపోతే అదోలా ఉంది. నడినెత్తి మీద ఉండాల్సిన గొంతు రెండు చెవుల బయట ఎక్కడో వేలాడుతున్నట్టు ఉంది. ఇది విన్నాక కేసు సగం తెలిసిపోయింది. మిగతా సగానికి రెండు సాయంత్రాలు పట్టింది. ఆ రెండు సాయంత్రాల సంగతే ఇది.

వాళ్లు అన్నదమ్ములు. పాడేది అన్న. కీబోర్డు వాయించేదీ, రికార్డింగ్ చూసుకునేదీ, నాకు మెసేజ్ పెట్టిందీ తమ్ముడు. సామాను ఎక్కువేం లేదు: ఎనిమిది ఛానెళ్ల చిన్న అనలాగ్ మిక్సర్, ఒక డైనమిక్ మైకు, కీబోర్డు, పవర్డ్ స్పీకర్ల జత, మదర్‌బోర్డు మీదే సౌండ్ కార్డు ఉన్న మామూలు డెస్క్‌టాప్, అందులో ఆడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్. ఇంటి రికార్డింగ్‌కి ఇది చాలు. చాలదని తమ్ముడి అనుమానం. కొత్త మైకు కొనాలా, కొత్త మిక్సర్ కొనాలా అని అప్పటికే టెన్షన్ పడుతున్నాడు. ఏమీ కొనొద్దు, ముందు వెనక్కి తిప్పి వైర్లు చూపించు అన్నాను.

వాళ్లు అప్పటిదాకా ఏం చేశారో అడిగి రాసుకున్నాను. మొదట మిక్సర్ మెయిన్ అవుట్ నుంచి కంప్యూటర్ ముందు వైపున్న గులాబీ రంగు జాక్‌కి వైరు ఇచ్చారు. గొంతు పగిలిపోయినట్టు వచ్చింది. ఎవరో "గులాబీ కాదు, వెనక నీలం దాంట్లో పెట్టండి" అన్నారు. పెట్టారు. పగలడం పోయింది. దాంతో అంతా సరైపోయిందనుకుని వరసగా ఆరు పాటలు రికార్డు చేశారు. ఆరింట్లోనూ ఇదే రోగం.

ఒకే పిన్, రెండు ఉద్యోగాలు

వెళ్లగానే వైరు తీసి చూశాను. ఒక చివర 6.35 మిల్లీమీటర్ల పెద్ద పిన్, రెండో చివర 3.5 మిల్లీమీటర్ల చిన్న పిన్. రెండింటి మీదా రెండేసి నల్ల గీతలు. రెండు గీతలంటే మూడు కాంటాక్టులు: కొన, మధ్యలో రింగు, మొదట్లో స్లీవ్. చూడ్డానికి ఏ లోపమూ లేని వైరు. మల్టీమీటర్ బీప్ మోడ్‌లో పెట్టి చూస్తే కొనకి కొన, రింగుకి రింగు, స్లీవ్‌కి స్లీవ్ సరిగ్గా పలికాయి.

తప్పు వైరులో లేదు, దాన్ని పెట్టిన చోట ఉంది. కంప్యూటర్ లైన్ ఇన్ దృష్టిలో మూడు కాంటాక్టుల పిన్ అంటే స్టీరియో: కొన ఎడమ, రింగు కుడి. మిక్సర్ మెయిన్ అవుట్ దృష్టిలో అదే పిన్ అంటే బ్యాలెన్స్‌డ్ మోనో. కొన మీద గొంతు, రింగు మీద అదే గొంతు తిరగేసి. దూరం వెళ్లే వైర్లలో బయటి గోల ఎక్కకుండా ఉండడానికి ఆ ఏర్పాటు. అవతలి పరికరం బ్యాలెన్స్‌డ్ ఇన్‌పుట్ అయితే రెండింటి తేడా తీసుకుంటుంది, దారిలో ఎక్కిన గోల రెండు వైపులా ఒకేలా ఉంటుంది కాబట్టి తీసివేతలో పోతుంది. సౌండ్ కార్డుకి ఆ సంగతి తెలీదు. సూటి గొంతు ఎడమ చెవి, తిరగేసిన గొంతు కుడి చెవి అని దాచుకుంటుంది.

హెడ్‌ఫోన్స్‌లో రెండు చెవులకీ విడివిడిగా వెళ్తుంది కాబట్టి వినిపిస్తుంది. ఒకటే స్పీకర్ ఉన్న ఫోన్ ఎడమనీ కుడినీ కలుపుతుంది. ప్లస్ ఒకటి, మైనస్ ఒకటి, కలిపితే సున్నా. కరోకే ట్రాక్ కంప్యూటర్లోనే ఉన్న ఫైల్ కాబట్టి దానికేమీ కాలేదు. సౌండ్ కార్డు రెండు వైపులూ అచ్చంగా ఒకే మోతాదులో తీసుకోవు, ఆ తేడా మాత్రమే మిగిలింది. నాకు వినిపించిన నీడ అదే.

ఇది తమ్ముడికి మాటల్లో చెప్తే తలూపాడు గానీ నమ్మలేదు. ఆడాసిటీలో గొంతు ట్రాక్ తెరిచి, ఒక అక్షరం మొదలయ్యే చోట అలలు విడివిడిగా కనిపించేదాకా జూమ్ చేశాను. పై గీతలో అల గుట్టలా లేచిన చోట కింది గీతలో అంతే లోతు గొయ్యి. నీటిలో కొండ నీడ పడ్డట్టు. "ఇప్పుడు చూడు" అని స్టీరియో ట్రాక్‌ని రెండు మోనో ట్రాకులుగా విడగొట్టి, కింది దానికి ఇన్వర్ట్ ఎఫెక్ట్ వేశాను. రెండు గీతలూ ఒకదానికొకటి అచ్చు దిగాయి. ప్లే నొక్కితే గొంతు నడిమధ్యకి వచ్చి కూర్చుంది. పక్క గదిలోంచి అన్న వచ్చి, "ఏం చేశారు, గొంతు దగ్గరికొచ్చింది?" అన్నాడు.

పాత ఆరు పాటలు అలాగే బతికాయి. నిజానికి ఇన్వర్ట్ కూడా అక్కర్లేదు. రెండు వైపులా ఉన్నది ఒకే గొంతు కాబట్టి కుడి దాన్ని తీసేసి ఎడమ దాన్ని మోనోగా ఉంచుకుంటే సరి. మళ్లీ పాడాల్సిన పని లేదని తెలిశాక అన్న ముఖం కాస్త తేలికపడింది.

ఒక్క మాట పక్కన పెడతాను. కొన్ని చిన్న మిక్సర్లలో రింగు మీద సిగ్నల్ ఉండదు, ఇంపీడెన్స్ (సిగ్నల్‌కి అడ్డుపడే గుణం) మాత్రమే సరిపోల్చి వదిలేస్తారు. వాటికి ఇదే వైరు పెడితే గొంతు ఎడమ చెవిలోనే వస్తుంది. అదే నయం అంటాను, ఎందుకంటే వెంటనే తెలిసిపోతుంది. వీళ్ల కేసులో సమస్య హెడ్‌ఫోన్స్‌లో దాక్కుంది, అందుకే ఆరు పాటలదాకా బయటపడలేదు.

ఏ జాక్ నుంచి ఏ జాక్‌కి

మిక్సర్ మీద బయటికి వెళ్లే దారులు నాలుగున్నాయి: మెయిన్ అవుట్, గదిలో వినే స్పీకర్ల కోసం కంట్రోల్ రూమ్ అవుట్, హెడ్‌ఫోన్స్, ఆర్‌సీఏ జాకుల (టీవీ, డీవీడీ ప్లేయర్ల వెనక ఉండే రకం) టేప్ అవుట్. ఈ చివరిదాన్ని కొన్ని మిక్సర్ల మీద రెక్ అవుట్ అనీ, 2 ట్రాక్ అవుట్ అనీ రాస్తారు. క్యాసెట్ డెక్కులు పోయాక దీన్ని అందరూ మర్చిపోయారు. ఇంట్లో కంప్యూటర్‌కి ఇవ్వడానికి నేను ముందు చూసేది దాన్నే.

కారణం వోల్టేజీ. స్టూడియో సామాను మాట్లాడుకునే లెవెల్ ప్లస్ 4 డీబీయూ, అంటే 1.23 వోల్టులు. ఇంటి ఆడియో సామాను లెవెల్ మైనస్ 10 డీబీవీ, అంటే 0.316 వోల్టులు. రెండింటికీ దాదాపు 12 డెసిబెల్స్ తేడా, వోల్టుల్లో దగ్గర దగ్గర నాలుగు రెట్లు. ఇది సగటు మాత్రమే. పాట ఎత్తుకున్నప్పుడు గొంతు ఇంతకి ఎంతో పైకి దూకుతుంది. మదర్‌బోర్డు మీద ఉండే లైన్ ఇన్‌లు చాలావరకు ఒకటి రెండు వోల్టుల దగ్గరే చేతులెత్తేస్తాయి. మెయిన్ అవుట్‌కి అక్కడ ఇరుకు, టేప్ అవుట్‌కి సరిపోతుంది. పైగా అది అన్‌బ్యాలెన్స్‌డ్, అంటే తిరగేసిన గొంతు ఉండదు, ఎడమ కుడి విడివిడిగా ఉంటాయి. రెండు ఆర్‌సీఏ పిన్నుల నుంచి ఒక 3.5 మిల్లీమీటర్ల స్టీరియో పిన్ ఉన్న మామూలు వైరు చాలు. తమ్ముడి దగ్గర పాత డీవీడీ ప్లేయర్‌తో వచ్చింది ఒకటి పడి ఉంది. అదే వాడాం.

టేప్ అవుట్ లేని మిక్సర్ అయితే మెయిన్ అవుట్ ఎడమ, కుడి జాకుల్లో ఒక్కో నల్ల గీత ఉన్న మోనో పిన్నులు రెండు పెట్టి, అవి కలిసి ఒక స్టీరియో చిన్న పిన్‌గా మారే వైరు వాడాలి. అప్పుడు మెయిన్ ఫేడర్ (మొత్తం వాల్యూమ్‌ని పైకీ కిందికీ జరిపే మీట) కాస్త కిందే ఉంచుకోవాలి.

గులాబీ జాక్‌లో ఎందుకు పగిలిందో కూడా తమ్ముడు అడిగాడు. అది మైకు జాక్. కొన్ని మిల్లీవోల్టుల కోసం కూర్చుని ఉంటుంది, దాని వెనక 20, 30 డెసిబెల్స్ బూస్ట్ ఉంటుంది, కంప్యూటర్ మైకులకి ప్రాణం పోయడానికి చిన్న డీసీ వోల్టేజీ కూడా అదే బయటికి పంపుతుంది. దోసిలి పట్టిన చోట బిందె ఒంపితే ఏమవుతుంది? నీలం లైన్ ఇన్, ఆకుపచ్చ లైన్ అవుట్, గులాబీ మైకు. డెస్క్‌టాప్‌లలో ఈ రంగులు దాదాపు అంతటా ఒకటే.

ల్యాప్‌టాప్ అయితే కథ వేరు. చాలావాటికి లైన్ ఇన్ ఉండదు, ఫోన్‌కి ఉన్నట్టు నాలుగు కాంటాక్టుల హెడ్‌సెట్ జాక్ ఒకటే ఉంటుంది. అందులోకి మిక్సర్ తోయడం నేను ఎవరికీ చెప్పను. లైన్ ఇన్ ఉన్న చిన్న యూఎస్‌బీ సౌండ్ కార్డు పెట్టుకోవాలి. దాని మీద మైకు బొమ్మ ఒక్కటే ఉంటే అది మళ్లీ గులాబీ జాకే, మోసపోవద్దు.

హమ్

వైరు మార్చి, సరిగ్గా ఉందనుకుని రికార్డ్ నొక్కగానే గుయ్‌మని ఒకటే పోరు. తమ్ముడు నా వైపు చూశాడు. పాత వైరుతో ఇది లేదని వాడి చూపు అర్థం. ఉంది, గొంతు వాల్యూమ్ కింద దాగి ఉంది. మిక్సర్‌కి స్పీకర్లు కూడా కలిపేసరికి బయటపడింది.

హమ్ వచ్చినప్పుడు ఊహించకూడదు, ఒక్కో వైరు పీకుతూ పోవాలి. మైకు పీకాను, ఉంది. కీబోర్డు పీకాను, ఉంది. మిక్సర్ ఫేడర్లన్నీ కిందికి దించాను, అయినా ఉంది. అంటే మిక్సర్ ఛానెళ్లలోంచి వచ్చేది కాదు. స్పీకర్ల పవర్ ప్లగ్ గోడ సాకెట్ నుంచి తీయగానే సగానికి పైగా తగ్గింది. స్పీకర్లు గోడకి ఈ చివర సాకెట్లో, కంప్యూటర్ ఆ చివర సాకెట్లో ఉన్నాయి. రెండింటికీ ఎర్త్ ఉంది. ఆడియో వైర్ల కవచం ద్వారా ఆ రెండు ఎర్తులూ మళ్లీ కలిశాయి. పెద్ద ఉంగరం ఏర్పడింది. ఆ ఉంగరంలో తిరిగే చిన్న కరెంటే 50 హెర్ట్జ్ హమ్, దానికి తోడు 100, 150 దగ్గర దాని పిల్లలు. దీన్నే గ్రౌండ్ లూప్ అంటారు. మెయిన్స్ 60 హెర్ట్జ్ ఉండే దేశాల్లో అది 60 దగ్గర మొదలవుతుంది, రోగం మాత్రం అదే.

అన్నిటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకి మార్చాం. చాలా తగ్గింది. కానీ కంప్యూటర్ మౌస్ కదిలిస్తే జిర్‌మని సన్నటి గీత మిగిలింది. అది కంప్యూటర్ లోపలి గోల, ఎర్త్ దారిలో మిక్సర్‌లోకి ఎక్కుతోంది. దానికి వైరు మధ్యలో ఐసొలేటర్ పెట్టాలి: లోపల ఒకటికి ఒకటి నిష్పత్తి ఉండే రెండు బుల్లి ట్రాన్స్‌ఫార్మర్లు. సిగ్నల్ అయస్కాంతం దారిన అటు వెళ్తుంది, ఎర్త్ మాత్రం తెగిపోతుంది. నా సంచిలో ఒకటి ఎప్పుడూ ఉంటుంది. పెట్టగానే జిర్ పోయింది. మరీ చవక రకాల్లో బేస్ పల్చబడుతుంది, గొంతు పనికి పెద్దగా తెలియదు, కీబోర్డు ఎడమ చేయి వైపు తెలుస్తుంది.

బోర్డుకి మార్చడానికి మిక్సర్ ప్లగ్ తీసినప్పుడు ఇంకోటి కంటబడింది. ఎర్త్ పిన్ చుట్టూ ఇన్సులేషన్ టేపు. "ఎవరో చెప్పారన్నా, అలా చేస్తే హమ్ పోతుందని" అన్నాడు. పోతుంది, నిజమే. లోపల ఎక్కడైనా ఇన్సులేషన్ పోయిన రోజు మిక్సర్ రేకు మీదికి మెయిన్స్ వస్తుంది, మైకు జాలీ పెదాలకి ఆనించి పాడేది వాడి అన్న. టేపు నేనే పీకేశాను. ఆడియో వైరులో ఎర్త్ తెంపొచ్చు, కరెంటు వైరులో తెంపకూడదు. ఈ విషయంలో నాతో ఎవరు వాదించినా వినను.

లెవెల్స్ పెట్టిన పద్ధతి

రెండో సాయంత్రం మొత్తం దాదాపు దీనికే పోయింది. సిగ్నల్ దారిలో వాల్యూమ్ నాబ్‌లు లెక్కపెట్టమన్నాను. ఛానెల్ గెయిన్, ఛానెల్ ఫేడర్, మెయిన్ ఫేడర్, విండోస్ లైన్ ఇన్ స్లైడర్, ఆడాసిటీ రికార్డింగ్ స్లైడర్. ఐదు. తమ్ముడు అప్పటిదాకా ఏది చేతికి దగ్గరుంటే దాన్ని తిప్పుతూ వచ్చాడు.

ముందు మైకు ఛానెల్ పీఎఫ్ఎల్ (ఆ ఒక్క ఛానెల్‌నే ఫేడర్‌తో పని లేకుండా మీటర్ మీద చూపించే బటన్) నొక్కి, అన్నని పాటలో అన్నిటికంటే గట్టి చరణం పాడమన్నాను. మెల్లగా కాదు, రికార్డింగ్‌లో పాడేంత గట్టిగా. మీటరు శిఖరాలు సున్నా దగ్గర ఆడేలా గెయిన్ పెట్టాను. తర్వాత ఛానెల్ ఫేడర్, మెయిన్ ఫేడర్ రెండూ సున్నా గీత మీద. వీళ్ల మిక్సర్లో టేప్ అవుట్ మెయిన్ ఫేడర్ తర్వాత వస్తుంది. అంటే స్పీకర్ సౌండ్ ఎక్కువైందని ఎవరైనా మెయిన్ దించితే రికార్డింగ్ కూడా దిగిపోతుంది. అందుకని స్పీకర్లని కంట్రోల్ రూమ్ అవుట్‌కి మార్చి, మెయిన్ ఫేడర్ పక్కన తెల్ల టేపు ముక్క అంటించి గీత గీశాను. ఈ గీత దాటి ఎవరూ చెయ్యి పెట్టొద్దు, సౌండ్ కావాలంటే కంట్రోల్ రూమ్ నాబ్ ఉంది.

తర్వాత కొలత. ఫోన్‌లో 1 కిలోహెర్ట్జ్ టోన్ తయారు చేసి, మిక్సర్ లైన్ ఛానెల్‌కి ఇచ్చి, మిక్సర్ మీటర్ సరిగ్గా సున్నా చూపేలా పెట్టాను. విండోస్ సౌండ్ సెట్టింగుల్లో రికార్డింగ్ ట్యాబ్, లైన్ ఇన్ ప్రాపర్టీస్, లెవెల్స్. అక్కడ అంకె మీద రైట్ క్లిక్ చేస్తే శాతం బదులు డెసిబెల్స్ చూపిస్తుంది. ఇది తెలియక చాలామంది 100 దగ్గర వదిలేస్తారు. 100 అంటే చాలా కార్డుల్లో బాగా పెంచేసిన స్థితి. ఆడాసిటీ స్లైడర్ వీళ్ల కంప్యూటర్లో విండోస్ స్లైడర్‌నే కదిలిస్తోంది కాబట్టి ఐదు నాబ్‌లు నాలుగయ్యాయి. ఆడాసిటీ మీటర్ మైనస్ 18 చూపేదాకా దించాను. అక్కడితో రెండు మీటర్లకీ సంధి కుదిరింది: మిక్సర్‌లో సున్నా అంటే కంప్యూటర్లో మైనస్ 18. ఇక మిక్సర్ మీటర్ ఒక్కటి చూసుకుంటే చాలు.

"అంత తక్కువా? అల సన్నగా కనిపిస్తోంది" అన్నాడు తమ్ముడు. ఈ మాట దాదాపు అందరూ అంటారు. 16 బిట్‌లో 96 డెసిబెల్స్ చోటు ఉంది, ఒక్కో బిట్‌కి 6 డెసిబెల్స్. శిఖరాలు మైనస్ 18 దగ్గర ఆగినా మనం వదులుకున్నది మూడు బిట్లు. ఇంట్లో గది చప్పుడు ఎటూ దానికి ఎంతో పైనే ఉంటుంది. కంప్యూటర్ మీటర్‌కి సున్నానే పైకప్పు, అక్కడ శిఖరం సున్నా తాకితే మాత్రం పోయింది పోయినట్టే.

పాత రికార్డింగులలో ఒకదానిలో ఇంకో చిత్రం చూపించాను. గొంతు అల పైభాగం బల్లతో కోసినట్టు చదునుగా ఉంది, కానీ ఆ చదును మైనస్ 9 దగ్గర ఉంది. మీటర్‌లో ఎర్ర లైటు వెలగలేదు కాబట్టి పగల్లేదని వాళ్లు అనుకున్నారు. సిగ్నల్ అప్పటికే సౌండ్ కార్డు గుమ్మంలో పగిలింది, తర్వాత స్లైడర్ దాన్ని తగ్గించింది. పగిలిన కుండని కిందికి దింపినట్టు. సున్నాకి కింద చదును కనిపిస్తే స్లైడర్ ముట్టుకోకూడదు, మిక్సర్ దగ్గరికి వెళ్లాలి.

విండోస్ లైన్ ఇన్ సెట్టింగుల కిటికీలోనే ఎన్‌హాన్స్‌మెంట్స్ అన్నీ తీసేశాను. నాయిస్ సప్రెషన్ మాట్లాడేవాళ్ల కోసం తయారైంది. అన్న లాగి పట్టిన స్వరాన్ని చప్పుడు అనుకుని మధ్యలో కొరికేస్తుంది.

పాడేవాడికి వినిపించడం

వాళ్లు ఇదివరకు ఎలా వినేవాళ్లంటే, కంప్యూటర్ ఆకుపచ్చ జాక్‌లో హెడ్‌ఫోన్స్ పెట్టి, ఆడాసిటీలో సాఫ్ట్‌వేర్ ద్వారా తన గొంతు తనకి వినిపించేలా పెట్టేవాళ్లు. గొంతు కంప్యూటర్‌లోకి వెళ్లి, బఫర్‌లో (శబ్దాన్ని కాసేపు పోగేసి ఉంచే చోటు) కూర్చుని, తిరిగొచ్చేది. ఆడాసిటీ మామూలుగా 100 మిల్లీసెకండ్ల బఫర్‌తో వస్తుంది. శబ్దం గాలిలో ఒక మీటరు నడవడానికి 3 మిల్లీసెకండ్లు పడుతుంది. ఆ లెక్కన తన గొంతు ముప్పై మీటర్ల అవతల నుంచి వినిపించినట్టు. అన్న తాళం తప్పుతున్నాడని తమ్ముడి ఫిర్యాదు. ఆ స్థితిలో ఎవరైనా తప్పుతారు.

మిక్సర్ ఉండగా ఈ అవస్థ అక్కర్లేదు. హెడ్‌ఫోన్స్ మిక్సర్‌కి మార్చాం. గొంతు మిక్సర్‌లోంచి నేరుగా చెవికి, ఆలస్యం లేదు. ఆడాసిటీలో సాఫ్ట్‌వేర్ మానిటరింగ్ ఆఫ్, విండోస్‌లో లిజన్ టు దిస్ డివైస్ టిక్ కూడా ఆఫ్. కరోకే వినడానికి కంప్యూటర్ ఆకుపచ్చ జాక్ నుంచి మిక్సర్‌కి ఒక వైరు వెనక్కి రావాలి. తమ్ముడు చొరవగా దాన్ని ఖాళీగా ఉన్న 5, 6 స్టీరియో ఛానెల్‌లో పెట్టాడు. పెట్టి రికార్డ్ నొక్కాడు. కరోకే కూడా గొంతు ట్రాక్‌లోకి ఎక్కింది. ఎక్కక ఏం చేస్తుంది? ఆ ఛానెల్ మెయిన్‌లోకి వెళ్తుంది, మెయిన్ టేప్ అవుట్‌లోకి వెళ్తుంది, టేప్ అవుట్ కంప్యూటర్‌లోకి. సాఫ్ట్‌వేర్ మానిటరింగ్ కూడా ఆన్‌లో ఉండుంటే చక్రం పూర్తయి కీచుమని అరిచేది.

కంప్యూటర్ నుంచి వచ్చే వైరు టేప్ ఇన్‌లో పెట్టాలి. దాని పక్కన రెండు బటన్లున్నాయి: ఒకటి దాన్ని మెయిన్‌లోకి పంపేది, ఇంకోటి కంట్రోల్ రూమ్, హెడ్‌ఫోన్స్‌కి మాత్రమే పంపేది. రెండోది నొక్కి, మొదటిది పైకే ఉంచాం. వీళ్ల మిక్సర్లో అది నొక్కినా మెయిన్ మిక్స్ కూడా కలిసి వినిపిస్తుంది. కొన్నిట్లో అది నొక్కితే మెయిన్ మిక్స్ వినిపించడం ఆగిపోతుంది. అలాంటప్పుడు, లేదా మెయిన్‌లోకి పంపే బటన్ ఒక్కటే ఉన్నప్పుడు, దారి మార్చాలి. రికార్డింగ్‌ని టేప్ అవుట్ నుంచి కాకుండా ఆక్స్ సెండ్ (కావాల్సిన ఛానెళ్లని మాత్రమే విడిగా బయటికి పంపే దారి) నుంచి తీసుకుని, ఆక్స్ నాబ్ మైకు ఛానెల్‌కి మాత్రమే తెరవాలి. నాకైతే ఆ పద్ధతే ఎక్కువ నచ్చుతుంది, కానీ ఆక్స్ మోనో కాబట్టి రెండో ట్రాక్ ఉండదు.

వీళ్లకి రెండో ట్రాక్ కావాలి. కరోకే లేకుండా గొంతు, కీబోర్డు కలిపి ఒకేసారి తీసే పాటలున్నాయి, తర్వాత విడివిడిగా సరిచేసుకోవాలి. సౌండ్ కార్డుకి ఉన్నవి ఎడమ, కుడి రెండే దారులు. అవే వాడుకున్నాం: మైకు పాన్ (శబ్దాన్ని ఎడమకో కుడికో నెట్టే నాబ్) పూర్తిగా ఎడమకి, కీబోర్డు పూర్తిగా కుడికి. రికార్డయ్యాక ఆడాసిటీలో స్టీరియోని రెండు మోనోలుగా విడగొడితే గొంతు ఒక ట్రాక్, కీబోర్డు ఒక ట్రాక్. ఇందులో ఒక మెలిక ఉంది. స్టీరియో ఛానెల్‌లో పాన్ నిజంగా పాన్ కాదు, బ్యాలెన్స్. కీబోర్డు రెండు పిన్నులూ పెట్టి కుడికి తిప్పితే కీబోర్డు ఎడమ అవుట్ మొత్తం గంగలో కలుస్తుంది. కీబోర్డు మోనో అవుట్ నుంచి ఒకటే పిన్ తెచ్చి మిక్సర్ ఎడమ జాక్‌లో మాత్రమే పెడితే మిక్సర్ దాన్ని రెండు వైపులకీ పంచుతుంది, అప్పుడు కుడికి తిప్పాలి.

మిక్సర్‌లో ఉన్న రివర్బ్ (పెద్ద హాల్లో పాడినట్టు మోగించే ఎఫెక్ట్) విషయంలో అన్నకీ నాకూ కుదరలేదు. దాని శబ్దం రెండు వైపులా పడుతుంది, అంటే గొంతు రివర్బ్ కీబోర్డు ట్రాక్‌లోకి ఎక్కుతుంది. పైగా ఒకసారి రికార్డయిన రివర్బ్‌ని తర్వాత తీయలేం. పొడి గొంతు వింటూ పాడటం తన వల్ల కాదన్నాడు. హెడ్‌ఫోన్ ఒక వైపు చెవి వెనక్కి నెట్టుకుని, గది శబ్దంతో పాటు వింటూ పాడమన్నాను. మొదటి టేక్ అయిష్టంగా పాడాడు. మూడో టేక్‌కి ఆ మాట ఎత్తలేదు. తీసేసిన వైపు చెవి నుంచి కరోకే మైకులోకి కారకుండా ఆ చెవి భాగాన్ని తలకి ఆనించి ఉంచుకోవాలి.

ఇక చివరి తేడా. పాట అంతా బాగున్నా గొంతు కాస్త వెనకబడి పడుతోంది. తమ్ముడు ప్రతిసారీ ట్రాక్‌ని మౌస్‌తో ఈడ్చి సరిపెడుతున్నాడట. కంప్యూటర్ నుంచి వెళ్లడానికీ రావడానికీ పట్టే సమయాన్ని ఆడాసిటీ తనంతట తాను మైనస్ 130 మిల్లీసెకండ్లు అనుకుని సరిచేస్తుంది. అది ఈ కంప్యూటర్‌కి సరిపోలేదు. ఒక క్లిక్ ట్రాక్ తయారు చేసి, ప్లే చేస్తూ, హెడ్‌ఫోన్ చెవి భాగాన్ని మైకుకి ఆనించి రికార్డు చేశాం. రెండు ట్రాకుల్లో ఒకే క్లిక్ దగ్గర జూమ్ చేసి మధ్య దూరం కొలిస్తే 40 మిల్లీసెకండ్లు ఆలస్యం. లేటెన్సీ కాంపెన్సేషన్‌ని (ఆ ఆలస్యాన్ని సరిచేసే సెట్టింగ్) మైనస్ 170 చేశాను. మళ్లీ క్లిక్. ఈసారి రెండు ముళ్లూ ఒకే గీత మీద నిలబడ్డాయి. సౌండ్ కార్డు గానీ, డ్రైవర్ గానీ మారిస్తే ఈ కొలత మళ్లీ చేసుకోవాలని మిక్సర్ కింద కాగితం మీద రాసి పెట్టాను.

యూఎస్‌బీ ఇంటర్‌ఫేస్ (రికార్డింగ్ కోసమే చేసిన బయటి సౌండ్ కార్డు) కొనుక్కుంటే ఇదంతా తప్పేది కదా అని చివర్లో తమ్ముడు అడిగాడు. కొంత తప్పేది. లెవెల్, ప్రీఆంప్ (మైకు సిగ్నల్‌ని పెంచే భాగం), లేటెన్సీ మూడూ మెరుగయ్యేవి. గ్రౌండ్ లూప్ మాత్రం దానికీ రావచ్చు. మిక్సర్ అమ్మి యూఎస్‌బీ మిక్సర్ కొనే ఆలోచన ఉంటే మాత్రం ఒకటి చూసుకోమన్నాను: చిన్నవాటిలో చాలావరకు ఎన్ని ఛానెళ్లున్నా యూఎస్‌బీలో వెళ్లేది కలిపేసిన స్టీరియోనే. ఇప్పుడు నీలం జాక్‌లోకి వెళ్తున్నదీ అదే.

మర్నాడు కొత్త పాట వచ్చింది. హెడ్‌ఫోన్స్ తీసి పక్కన పెట్టి, ఫోన్ స్పీకర్‌లోనే విన్నాను. పల్లవి దగ్గర గొంతు వచ్చింది, తాళంలోనే వచ్చింది. చరణానికి ముందు నిశ్శబ్దంలో కంప్యూటర్ ఫ్యాన్ హోరు సన్నగా ఉంది. అది ఏ వైరులోనూ లేదు, మైకు ఎదురుగానే ఉంది. టేబుల్ కింద సీపీయూని గదికి అవతలి మూలకి జరపమని, మైకు వీపు దాని వైపు ఉండేలా తిప్పమని రాశాను. "దానికి పొడుగు వైరు కావాలన్నా" అని బదులొచ్చింది. "బ్యాలెన్స్‌డ్ వైరు పొడుగ్గా లాగొచ్చు, మైకు నుంచి మిక్సర్‌దాకా లాగు, మిక్సర్ నుంచి కంప్యూటర్‌దాకా మాత్రం పొట్టిగా ఉంచు" అని పంపాను.